హార్డ్ లింక్‌ని స్క్రిప్ట్‌తో కనిపెట్టడం అసలు కుదిరే పనేనా?

టెర్మినల్_రాజు: లినక్స్‌లో ఒక ఫోల్డర్‌లో ఉన్న ఒక్కో ఫైల్ మామూలుదా, సింలింకా (వేరే ఫైల్ దారి చూపే షార్ట్‌కట్), హార్డ్ లింకా (అదే ఫైల్‌కి ఇంకో పేరు) చెప్పే బాష్ స్క్రిప్ట్ రాస్తున్నా. సింలింక్‌కి మైనస్ ఎల్ టెస్ట్ పెట్టా, మిగతావాటికి స్టాట్ కమాండ్‌తో లింక్ కౌంట్ (ఫైల్‌కి ఎన్ని పేర్లున్నాయో ఆ లెక్క) తీసి 1 దాటితే "హార్డ్ లింక్" అని ప్రింట్ చేస్తున్నా. మా లీడ్ గారు ఇది తప్పంటున్నారు, నాకైతే బానే ఉంది.

ఐనోడ్_బాబాయ్: లీడ్ గారిదే కరెక్ట్ తమ్ముడూ. ఫైల్ క్రియేట్ చేసినప్పుడు పడిన మొదటి పేరు కూడా హార్డ్ లింకే. రెండో పేరు పెట్టాక ఏది ముందొచ్చిందో ఏది తర్వాతొచ్చిందో ఐనోడ్‌లో (ఫైల్ వివరాలుండే రికార్డులో) ఎక్కడా రాసుండదు, రెండూ సమానమే. మరి నీ స్క్రిప్ట్ దేన్ని "లింక్" అంటుంది, దేన్ని "అసలు" అంటుంది?

బ్యాకప్_పిచ్చోడు: బాబాయ్ థియరీ బాగుంది గానీ పనిలో దిగితే కౌంటే కావాలి. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ టూల్‌లో లింక్ డెస్ట్ ఆప్షన్‌తో తీసిన బ్యాకప్‌లలో మారని ఫైల్ అన్ని తేదీల ఫోల్డర్లలో అదే ఐనోడ్, ఒకదాంట్లో చివర ఎకోతో లైన్ కలిపితే పాత తేదీలన్నిట్లోనూ మారిపోద్ది. టెక్స్ట్ మార్చే సెడ్ మైనస్ ఐ కమాండ్ అయితే కొత్త ఫైల్ రాసి పాత పేరు మీదికి తెస్తుంది కాబట్టి లింక్ తెగుతుంది. ముట్టుకునే ముందు కౌంట్ 1 దాటిందా అని చూస్తే చాలు, అసలేదో ఎవడిక్కావాలి?

ఐనోడ్_బాబాయ్: చూడు, వద్దన్లేదు, మెసేజ్ మార్చమంటున్నా. "దీనికి ఇంకో పేరుంది" అని ప్రింట్ చెయ్యి. ఆ ఇంకో పేరు ఎక్కడో కావాలంటే మామూలుగా ఫైండ్ కమాండ్‌లో సేమ్‌ఫైల్ ఆప్షన్ పెట్టి ఆ పార్టిషన్ మొత్తం వెతకాలి.

షెల్_పిల్ల: ఇంకోటి, డైరెక్టరీల సంగతేంటి? ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఖాళీ ఫోల్డర్‌కే కౌంట్ 2 ఉంటుంది, రాజు గారి స్క్రిప్ట్ ప్రతి ఫోల్డర్‌నీ హార్డ్ లింక్ అంటుంది 😂 బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో మళ్లీ 1 చూపిస్తుంది. మామూలు ఫైలేనా అని చూసే మైనస్ ఎఫ్ టెస్ట్ పెట్టండి, కానీ అది సింలింక్ వెనక ఉన్న ఫైల్‌ని చూసి ఎస్ అంటుంది కాబట్టి మైనస్ ఎల్ దానికంటే ముందుండాలి.

టెర్మినల్_రాజు: సరే, మైనస్ ఎఫ్ పెడతా. కౌంట్ ఎందుకు, మైనస్ ఈఎఫ్ టెస్ట్‌తో రెండు పేర్లూ ఒకే ఫైల్‌వా అని పోలిస్తే అయిపోద్దిగా?

షెల్_పిల్ల: అది సింలింక్‌నీ దాని టార్గెట్‌నీ కూడా ఒకటే అంటుందండీ. మళ్లీ మైనస్ ఎల్ దగ్గరికే వస్తారు.

టెర్మినల్_రాజు: ఎల్ ముందు, తర్వాత ఎఫ్, తర్వాత కౌంట్. మెసేజ్ మాత్రం "హార్డ్ లింక్" అనే ఉంచుతా బాబాయ్, మా ఆఫీసులో అందరికీ అదే అర్థమవుతుంది.

ఐనోడ్_బాబాయ్: ఉంచుకో. ఎవడో దాన్ని డూప్లికేట్ కాపీ అనుకుని ఎడిట్ చేసిన రోజు ఇక్కడికే రా.