4కె మానిటర్ కొన్నాను, మౌస్ ఈడ్చుకుంటూ వస్తోంది. ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నేను డీటీపీ పని చేస్తాను: పెళ్లికార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడు పుస్తకాలు. కళ్లు లాగేస్తున్నాయని పోయిన వారం 27 అంగుళాల 4కె మానిటర్ తీసుకున్నాను. అక్షరాలకు మాత్రం వంక పెట్టలేం. పాత 1080పి తెర మీద ‘స్త్రీ’లో తావత్తు, రావత్తు కలిసిపోయి నల్లటి మచ్చలా ఉండేవి. ఇప్పుడు దేనికది విడిగా కనిపిస్తోంది.

కానీ మౌస్ కదిపితే బాణం గుర్తు ఆగి ఆగి వస్తోంది. సెట్టింగ్స్‌లో చూస్తే 30 హెర్ట్జ్ (అంటే తెర మీద బొమ్మ సెకనుకు 30 సార్లే మారుతుంది) అని ఉంది, 60 అసలు లిస్టులోనే లేదు. నా పాత ల్యాప్‌టాప్‌లో మానిటర్ కేబుల్ పెట్టే పోర్ట్ హెచ్‌డీఎంఐ 1.4 రకం. 4కెకి అది 30 దాటదట. ఈ సంగతి తెలియక కొత్త కేబుల్ కొని డబ్బులు తగలేశాను! పక్కనే మినీ డిస్‌ప్లేపోర్ట్ కూడా ఉంది. దాన్నుంచి కేబుల్ వేస్తే 60 వస్తుందా? ఎవరైనా వాడి చూశారా? 1440పికి దించితే 60 వస్తోంది గానీ అక్షరాలు మసకబారుతున్నాయి, ఇక 4కె కొని ఏం లాభం?

ఇంకో తలనొప్పి స్కేలింగ్, అంటే తెర మీద అక్షరాలు, బటన్ల సైజు పెంచుకోవడం. విండోస్‌లో 150 శాతం పెడితే అన్నీ బాగున్నాయి, నేను రోజంతా వాడే పాత పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్ తప్ప. అది మసగ్గా వస్తోంది. ఆ సాఫ్ట్‌వేర్ ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీలో హై డీపీఐ సెట్టింగ్‌ను ‘అప్లికేషన్’కి (సైజు సంగతి విండోస్ కాకుండా సాఫ్ట్‌వేరే చూసుకునేలా) మారిస్తే స్పష్టంగానే ఉంది, కానీ టూల్ బటన్లు నువ్వుగింజలంత అయిపోయాయి.

వాపసు గడువు ఇంకా నాలుగు రోజులే. ఇది ఇచ్చేసి 32 అంగుళాలది తీసుకుంటే 125 శాతంతో సరిపెట్టుకోవచ్చా?