స్లాట్ల విషయంలో "పాతొక రోత" అనవచ్చా?

ప్రశ్న: కంప్యూటర్ మదర్‌బోర్డు మీద కార్డులు గుచ్చే స్లాట్ల గురించి పిల్లల కోసం ఓ వ్యాసం రాస్తున్నాను. ఐఎస్ఏ పోయి పీసీఐ, అదీ పోయి పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చిన తీరు చెప్పాలి. "పాతొక రోత, కొత్తొక వింత" అని శీర్షిక పెడితే కుదురుతుందా? లేక "కొత్త నీరొచ్చి పాత నీరు కొట్టుకుపోయినట్టు" మేలా?

జవాబు: మొదటిది వద్దండి. అది మనుషుల మోజు మీద పుట్టిన మాట. ఐఎస్ఏ మీద ఎవరికీ మొహం మొత్తలేదు, దాని మోతాదుకు మించిన పని వచ్చి పడిందంతే. లెక్క చూడండి. 16 బిట్ల ఐఎస్ఏ స్లాటు 8 మెగాహెర్ట్జ్ దగ్గర సెకనుకు 8 మెగాబైట్లు పంపితే గొప్ప. విండోస్ రోజుల్లో 1024×768 తెర, 256 రంగులంటే ఒక్క బొమ్మకే 7,86,432 బైట్లు. సెకనుకు 30 సార్లు మార్చాలంటే 23 మెగాబైట్లు దాటుతుంది. ప్రాసెసర్ ఎంత చురుకైనదైనా ఏం లాభం?

అందుకే 1992లో ఇంటెల్ పీసీఐ తెచ్చింది: 32 బిట్లు, 33 మెగాహెర్ట్జ్, సెకనుకు 133 మెగాబైట్లు. అయితే ఆ వేగాన్ని కార్డులన్నీ పంచుకోవాలి. ఇంకా పెంచుదామంటే పక్కపక్క తీగల్లో బయల్దేరిన బిట్లు ఒకే క్షణంలో చేరవు. 2003 నాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఆ పద్ధతినే వదిలేసింది. కార్డుకో విడి దారి, ఆ దారిలోని ఒక్కో వరసలో (దాన్నే లేను అంటారు) బిట్లు ఒకదాని వెనక ఒకటి. ఒక్క లేనుకే ఒక్కో దిశలో సెకనుకు 250 మెగాబైట్లు.

ఇంకొకరు: అయితే రెండో సామెత సరిపోయినట్టేగా?

జవాబు: సగమే సరిపోయింది. "కొట్టుకుపోవడం" దగ్గరే నా అభ్యంతరం. 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో పాటు మైక్రో చానెల్ అనే కొత్త స్లాటు తెచ్చింది. ఐఎస్ఏ కన్నా వేగమైనదే. కానీ పాత కార్డులు అందులో పట్టవు, పైగా ఇతర కంపెనీలు వాడాలంటే ఐబీఎంకు లైసెన్సు సొమ్ము కట్టాలి. చివరికి కొట్టుకుపోయింది ఆ కొత్త నీరే! పీసీఐ నిలదొక్కుకున్న తీరు వేరు. 1990ల బోర్డుల్లో తెల్లటి పీసీఐ స్లాట్ల పక్కనే నల్లటి ఐఎస్ఏ స్లాట్లు ఏళ్ల తరబడి ఉన్నాయి, జనం పాత సౌండ్ కార్డులూ మోడెములూ వాటిలోనే పెట్టుకున్నారు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కూడా తీగలు మార్చింది గానీ, ఆపరేటింగ్ సిస్టమ్ కార్డును గుర్తుపట్టే పద్ధతి పీసీఐదే ఉంచింది. ఇవాళ మూడో తరం కార్డును అయిదో తరం స్లాటులో పెట్టినా తన వేగంతో అది పనిచేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: మరి ఏజీపీ సంగతేమిటండీ? దాన్నీ ఇందులోనే కలపాలా?

జవాబు: కలపకండి, దానికి మీ రెండో సామెత అక్షరాలా వర్తిస్తుంది. 1997 నుంచి గ్రాఫిక్స్ కార్డుకే పరిమితమైన స్లాటు అది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ బోర్డులు వచ్చాక చాలావాటిలో దానికి చోటే ఇవ్వలేదు, ఆ కార్డులు కొత్త స్లాటులో పట్టవు కూడా. సామెతను ఆ పేరాలో వాడండి, శీర్షికలో వద్దు.