ఏడేళ్లుగా కదలని మాస్సీ 1035: గొలుసు కట్టి లాగి స్టార్ట్ చేయవచ్చా?

గోదావరి వాసి (ప్రశ్న):

మా నాన్నగారు వాడిన మాస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు ఆయన పోయిన తరువాత ఏడేళ్లుగా తణుకు దగ్గర మా ఊళ్లోని రేకుల షెడ్డులో నిలిచి ఉంది. పొలం కౌలుకిచ్చి మేము హైదరాబాదులో స్థిరపడడంతో దానిని పట్టించుకున్నవారు లేరు. గాలివానకు షెడ్డు ముందువైపు రేకు లేచిపోవడం వల్ల కొన్ని వర్షాకాలాలు వాన నేరుగా సైలెన్సర్ మీద పడింది. గొట్టానికి మూత కూడా లేదు. వచ్చే సార్వా (ఖరీఫ్) నుంచి సొంతంగా సాగు చేద్దామనుకొని, వేరే బండి బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టి చూస్తే టక్కుమని ఒక్క శబ్దం వచ్చింది తప్ప ఇంజన్ కదలలేదు. ఊళ్లో రిపేరు చేసే ఒకాయన, మరో ట్రాక్టరుకు గొలుసుతో కట్టి టాప్ గేరులో లాగితే అదే విడిపోతుందని అంటున్నారు. పాత ఇనుము వ్యాపారి తూకానికి అడుగుతున్నాడు. లాగించడం మంచిదేనా? లేక ఇంజన్ మొత్తం దింపవలసిందేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పాత బండ్ల మేస్త్రి:

అయ్యా, దయచేసి లాగించవద్దు. సైలెన్సర్ గుండా దిగిన వాననీరు, ఆగిన సమయానికి ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకొని ఉన్న సిలిండర్‌లోకి చేరి, అక్కడ పిస్టన్ రింగులు లైనర్‌కు (సిలిండర్ లోపలి గొట్టానికి) తుప్పుతో అతుక్కొని ఉంటాయి. మీ బండికి ఉన్నవి మూడు సిలిండర్లు, పట్టేసింది బహుశా వాటిలో ఒక్కటే. ఆ స్థితిలో టన్నున్నర దాటిన బండి బరువుతో చక్రాల నుంచి ఇంజన్‌ను బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, లైనర్ గీరుకుపోతుంది, లోపల నీరు నిలిచి ఉంటే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. వందల్లో పోయే పని వేలల్లోకి వెళ్లేది సాధారణంగా ఆ గొలుసు దగ్గరే.

ముందు సిలిండర్లలోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు మూడూ విప్పించండి. ఇంజెక్టర్ కింద ఉండే రాగి వాషరు చాలాసార్లు రంధ్రంలోనే ఉండిపోతుంది. దానిని కొక్కెంతో బయటకు తీసి, తిరిగి బిగించేటప్పుడు కొత్తది వేయాలి. సన్నని టార్చి వేసి చూస్తే ఏ సిలిండర్‌లో తుప్పు ఉందో తెలిసిపోతుంది. డీజిలు, పల్చటి ఆయిలు సమంగా కలిపి మూడింటిలోనూ పోసి, రంధ్రాలు మూసి, కొన్ని రోజులు అలాగే వదిలేయండి. తరువాత సెల్ఫ్ మోటారు విప్పి, ఫ్లైవీల్ (ఇంజన్ వెనక ఉండే బరువైన చక్రం) పళ్లకు గడ్డపార ఆనించి, మొదట వెనక్కి, ఆపైన ముందుకి, కొద్దికొద్దిగా ఆడించాలి. అర అంగుళం కదిలినా చాలు, బలం ప్రయోగించకుండా మళ్లీ ఆయిలు పోసి ఆగండి. ఈ పనిలో తొందరపడినవాడు హెడ్డు దింపుకుంటాడు.

ఇంజన్ విడిపోయాక కూడా వెంటనే ఇంజెక్టర్లు బిగించవద్దు. లోపల మిగిలిన ద్రవం నలగదు కనుక రాడ్డు మీద దెబ్బ పడుతుంది. రంధ్రాలు తెరిచే ఉంచి సెల్ఫ్ కొట్టి, పక్కకు నిలబడి, అంతా బయటకు చిమ్మనివ్వండి. ఇంజన్ పైన వాల్వుల మీద ఉండే రాకర్ కవరు కూడా తీసి, అన్ని వాల్వులూ లేచి దిగుతున్నాయో లేదో చూసుకోండి. ఒక్క వాల్వు గైడులో పట్టేసినా దానిని కదిలించే పుష్‌రాడ్ వంగిపోతుంది.

గోదావరి వాసి:

చాలా కృతజ్ఞతలండి. మీరు చెప్పినట్లే ఇంజెక్టర్లు విప్పించాము. రెండవ సిలిండర్‌లో పిస్టన్ పైభాగం ఎర్రటి మట్టి పూసినట్లుంది, మిగిలిన రెండూ నల్లగా శుభ్రంగానే ఉన్నాయి. ఆయిలు పోసి ఉంచితే ఇప్పుడు గడ్డపారతో పూర్తిగా ఒక చుట్టు తిరుగుతున్నది. తదుపరి సంప్‌లోని పాత ఆయిలు తీస్తే, ముందు అర లీటరు దాకా నీళ్లే వచ్చాయి. ఎయిర్ క్లీనర్ గొట్టంలో ఎలుక గూడు, డీజిల్ ట్యాంకు అడుగున నల్లటి జిగురు ఉన్నాయి. ఇప్పుడు స్టార్ట్ చేయవచ్చా?

డీజిల్ పంపు రూము:

ఇంకా ఆగండి. ఇప్పుడు మీరు చూడవలసింది ఇంజెక్టర్లకు డీజిలు పంపే పంపు. మీ బండికి గుండ్రటి రోటరీ పంపు ఉంటే, దాని లోపలి భాగాలకు కందెనగా పనిచేసేది డీజిలే. ఏళ్ల తరబడి నిలిచిన డీజిలు జిగురుగా మారి, డీజిలు ఎంత వెళ్లాలో నిర్ణయించే లోపలి మీటరింగ్ వాల్వును కదలకుండా పట్టేస్తుంది. స్టాప్ లాగి ఆపిన బండి అయితే అది మూసుకున్న చోటే ఆగిపోయి, పైపుల్లోని గాలి ఎంత తీసినా ఇంజెక్టర్ల దాకా డీజిలు రాదు. పంపు పోయిందని చెప్పి కొత్తది అమ్మేవారు ఉంటారు, కాని చాలాసార్లు కడిగితే సరిపోతుంది. తెరుచుకున్న చోట పట్టేస్తే మరింత ప్రమాదం. స్టార్ట్ అయిన క్షణం నుంచి ఇంజన్ పూర్తి స్పీడు అందుకుంటుంది, యాక్సిలరేటర్‌కు లొంగదు, స్టాప్ లాగినా ఆగదు. మరో రకమైన ఇన్‌లైన్ పంపులో డీజిలును అదుపు చేసే ర్యాక్ అనే కడ్డీ పట్టేసినా ఇదే జరుగుతుంది.

అందువల్ల పంపును, ఇంజెక్టర్లను ఒకసారి విప్పి, బెంచి మీద పరీక్షించాకే బిగించండి. ఇంజెక్టర్ చిమ్మేటప్పుడు ఎవరూ చేయి అడ్డం పెట్టకూడదు, ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. ట్యాంకు దింపి కడిగించి, ఫిల్టర్లు మార్చి, కొత్త డీజిలు పోసి, ముందు ఫిల్టరు దగ్గర, తరువాత పంపు మీది స్క్రూల దగ్గర, చివరికి ఇంజెక్టర్ల నట్ల దగ్గర గాలి తీయాలి. ఫీడు పంపు చేతి మీట కదలకపోతే అది చెడిపోయిందని అనుకోవద్దు. లోపలి క్యామ్ ఎత్తు మీద ఆగి ఉంటుంది, ఇంజన్‌ను కొద్దిగా తిప్పితే మీట పని చేస్తుంది.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజు స్టాప్ లాగి ఉంచి, ఆయిలు మీటరు లేచేదాకా విడతలు విడతలుగా సెల్ఫ్ కొట్టండి. ఎయిర్ క్లీనర్ గొట్టం ఊడదీసి, ఇంజన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్ నోటికి సరిపడే మందపాటి చెక్కపలక ఒకరి చేతికి ఇచ్చి నిలబెట్టండి. ఇంజన్ అదుపు తప్పితే గాలి మూయడం ఒక్కటే మార్గం. గుడ్డ పెట్టవద్దు, లోపలికి లాక్కుపోతుంది. అరచేయి అసలే వద్దు.

నల్గొండ రైతు:

మేస్త్రిగారు, పంపు రూము వారు ఇంజన్ గురించి చెప్పవలసిందంతా చెప్పారు. నేను ఖర్చు గురించి ఒక మాట అంటాను. గోదావరి జిల్లాల బండి అంటే దమ్ములో తిరిగినది. ఇనుప చక్రాలు కట్టి బురదలో దించిన బండికి ఇంజన్ కన్నా వెనక యాక్సిల్ సీళ్లు, బ్రేకులు ముందు పోతాయి. హైడ్రాలిక్ ఆయిలు ఒక గిన్నెలోకి తీసి చూడండి, మజ్జిగలా తెల్లగా ఉంటే నీరు కలిసినట్లే; అంతా తీసి, కొత్తది పోసి, కొద్ది గంటలు నడిపి మళ్లీ మార్చక తప్పదు. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అంటుకుపోయి ఉండే అవకాశం కూడా ఉంది: పెడలు తొక్కినా గేరు పడకపోతే అదే కారణం. బ్రేకులు రెండూ సమంగా పట్టాయని తేలేదాకా రోడ్డెక్కించవద్దు, ఒకవైపే పట్టిన ట్రాక్టరు తిరగబడుతుంది.

టైర్ల పక్కలు బీటలు వారి ఉంటే పొలంలో ఒక పంటకు సర్దుకోవచ్చు గాని, లోడు ట్రక్కు (ట్రైలరు) తగిలించి రోడ్డు మీద తిప్పడం ప్రమాదం. నా లెక్కలో, కంప్రెషన్ బాగుండి, గేర్‌బాక్సులో శబ్దం లేకపోతే ఈ బండిని ఇనుము ధరకు ఇవ్వడం అన్యాయం. సామాను ప్రతి పట్టణంలోనూ దొరుకుతుంది, పని తెలిసినవారు ఇంకా ఉన్నారు. గేర్‌బాక్సు కూడా పోయి ఉంటే మాత్రం ఒక్క రూపాయి పెట్టకముందే ఆగి ఆలోచించండి.

కాగితాలు కూడా ఇప్పుడే చూసుకోండి. యజమాని మరణించినప్పుడు వారసులు ఫారం 31తో పేరు మార్పించుకోవాలి. నాన్నగారు బ్యాంకు రుణంతో కొని ఉంటే, అప్పు తీరినా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు మిగిలి ఉంటుంది, దానికి బ్యాంకు సంతకంతో ఫారం 35 కావాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు దాటి ఉంటే రెన్యువల్‌కు బండిని ఆఫీసుకు తీసుకుపోయి చూపించవలసి వస్తుంది కనుక, ఆ పని బ్రేకులు, లైట్లు అయ్యాకే పెట్టుకోండి. ట్రక్కుకు రిజిస్ట్రేషన్ వేరుగా ఉంటుందని మరువవద్దు.

గోదావరి వాసి:

గేర్‌బాక్సు మూత తీయించి చూశాము, పళ్లు బాగానే ఉన్నాయి. ఆయిలు మాత్రం తెల్లగా ఉంది. పంపు, ఇంజెక్టర్లు రేపు తాడేపల్లిగూడెం పంపిస్తున్నాను. పాత ఇనుము ఆయనకు ఇవ్వనని చెప్పేశాను.