జంపఖానా ఎరుపు ఫొటోలో నారింజగా పడుతోంది: గింప్‌లో సరిచేయడం ఎలా?

ప్రశ్న (కొత్తవాడ, వరంగల్)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో తాతగారి కాలం నుంచి మగ్గం మీద జంపఖానాలు (దర్రీలు) నేస్తున్నాము. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు దూరప్రాంతాల వారు ఫొటో చూసే ఆర్డరు ఇస్తున్నారు కనుక, ఫొటోలోని రంగు సరుకుతో సరిపోవడం మాకు పొట్టకూటి విషయం. మగ్గాల గదిలో పసుపుపచ్చని బల్బు వెలుతురులో ఫోనుతో తీస్తే, నాన్న దగ్గరుండి రంగు వేయించిన ముదురు ఎరుపు నూలు నారింజగా కనబడుతోంది. ఫొటోలు సవరించే గింప్ సాఫ్ట్‌వేర్‌లో ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుతురు ఛాయను తనంతట తానే సరిచేసే మీట) నొక్కితే నారింజ ఛాయ పోయింది గాని, ఎరుపు వెలిసిపోయి గులాబీలోకి దిగింది. కిందటి నెల ఎరుపు, నలుపు చారల జంపఖానా ఒకటి "ఫొటోలో చూసిన రంగు ఇది కాదు" అన్న మాటతో తిరిగి వచ్చింది. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

జవాబు (హనుమకొండ)

నమస్కారమండీ. ఈ పనికి ఆటో మీటను వాడకండి. బొమ్మలో ఉన్న వస్తువేమిటో దానికి తెలియదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లను (ఒక్కో రంగు ఎక్కడ ఎంత ఉందో చెప్పే పొరలను) విడివిడిగా తీసుకుని, రెండు కొసల్లో 0.05 శాతం పిక్సెళ్లను మాత్రం విడిచిపెట్టి, మిగిలిన విలువలను 0 నుంచి 255 దాకా సాగదీస్తుంది. ఫ్రేము నిండా ఎరుపు, నలుపు చారలే ఉన్నప్పుడు ఆకుపచ్చ, నీలం విలువలు తక్కువగా ఉండడమే న్యాయం. వాటిని బలవంతంగా పైకి లాగడం వల్లనే మీ ఎరుపు వెలిసిపోయింది.

జంపఖానా పక్కన ఒక మూల గ్రే కార్డు (ఫొటోలో కొలతగా వాడే, ఏ ఛాయా లేని బూడిద రంగు అట్ట) పెట్టి తీయండి. తరువాత కలర్స్ మెనూలో లెవెల్స్ తెరిచి, బొమ్మలో ఒక చోటును ఎంచుకునే మూడు డ్రాపర్లలో గ్రే పాయింటుది తీసుకుని కార్డు మీద నొక్కండి. కార్డుకు ఏ రంగూ లేదని మనకు ముందే తెలుసు కనుక, దాని మీద పడిన పసుపు ఎంతో సాఫ్ట్‌వేర్ కొలిచి, ఆ మేరకే మొత్తం బొమ్మను సవరిస్తుంది. రంగు వేయని నూలును మాత్రం తెలుపని నమ్మి నొక్కకండి. ముడి నూలుకు సహజంగా మీగడ వన్నె ఉంటుంది, దానిని రంగులేనిదని చెబితే బొమ్మంతా నీలం వైపు ఒరుగుతుంది. తెల్ల కాగితాలను కూడా నేను నమ్మను, మెరుపు కోసం కలిపే రసాయనాల వల్ల చాలా కాగితాలలో నీలి ఛాయ ఉంటుంది. ఒకే వెలుతురులో తీసిన మిగతా ఫొటోలకు అదే సవరణ పనికివస్తుంది కాబట్టి, లెవెల్స్ కిటికీలోనే దానిని ఒక పేరుతో భద్రపరచుకోండి.

జవాబు (కరీంనగర్)

పై సలహా సరైనదే, అయితే గదిలో ఒకే రకం వెలుతురు ఉన్నప్పుడే అది పూర్తిగా ఫలిస్తుంది. వెలుతురు ఛాయను కెల్విన్లలో కొలుస్తారు, అంకె తగ్గితే పసుపు, పెరిగితే నీలం. పసుపుపచ్చని బల్బు వెలుతురు సుమారు 2,700 కెల్విన్లు, పగటి వెలుతురు 5,500 ప్రాంతం. బల్బు వెలుగుతూ ఉండగా కిటికీ కూడా తెరిచి ఉంటే జంపఖానా ఒక కొస పసుపుగా, మరో కొస నీలంగా పడుతుంది, ఒక్క సవరణతో రెండూ కుదరవు. బల్బు ఆర్పి, ఎండ నేరుగా పడని వసారాలో పొద్దున తీయండి. నీడ వెలుతురు కాస్త నీలంగా ఉన్నా, అంతటా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి సులువుగా సరిపోతుంది. పక్కన రంగు గోడ ఉంటే దాని ఛాయ కూడా బట్ట మీద పడుతుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న పొద్దున వసారాలో కార్డు పెట్టి తీశాను. నాన్న తెరను, జంపఖానాను పక్కపక్కన చూసి "ఇదే రంగు" అన్నారు. కానీ ఎండలో తీసిన పాత ఫొటోలలో ఎరుపు చారలు ముద్దగా ఉన్నాయి, అల్లిక కనిపించడం లేదు. లెవెల్స్‌తో ఎంత ప్రయత్నించినా ఫలితం లేదు.

జవాబు (జనగామ)

ఆ ఫొటోలలో ఎరుపు ఛానెల్ 255ను తాకి ఉంటుంది. హిస్టోగ్రాములో (ఏ విలువ పిక్సెళ్లు ఎన్ని ఉన్నాయో చూపే గ్రాఫులో) ఎరుపును ఒక్కదాన్నే చూడండి, గీత కుడి కొసకు అతుక్కుని ఉంటే ఆ ఛానెల్‌లో అల్లిక వివరం నమోదే కాలేదని అర్థం, దానిని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. ముదురు ఎరుపును తీసేటప్పుడు ఎక్స్‌పోజరు (కెమెరా లోపలికి తీసుకునే వెలుతురు) కాస్త తగ్గించండి. మీ ఫోనులో రా ఫైలు (కెమెరా నమోదు చేసినది కుదించకుండా ఉంచే ఫైలు) తీసే వీలుంటే ఇంకా మంచిది. మామూలు ఫొటో ఫైలైన జేపెగ్‌లో ఒక్కో ఛానెల్‌కు 256 మెట్లే ఉంటాయి, 12 బిట్ల రా ఫైలులో 4,096 ఉంటాయి కనుక సవరణకు చాలా చోటు మిగులుతుంది. దానిని ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవవచ్చు.

ఇంకొక మాట. చివరి ఫొటోను ఎస్‌ఆర్‌జీబీలోనే (చాలా తెరలు, వెబ్‌సైట్లు వాడే రంగుల ప్రమాణంలోనే) ఎగుమతి చేయండి. అయినప్పటికీ కొనేవారి ఫోను తెర రంగులను గాఢంగా చూపించేలా అమర్చి ఉంటే మీరు చేయగలిగింది ఏమీ లేదు. పెద్ద ఆర్డరు అయితే, నేత మొదలుపెట్టే ముందే అదే రంగు నూలు పోగు ఒకటి కవరులో పెట్టి పోస్టు చేయండి.