ఐర్లాండ్ పల్లెల్లో చిన్నపిల్లలతో: కారు తీసుకోవాలా, డబ్లిన్‌లో ఉండి బస్సు టూర్లు చేయాలా?

ఎంవీపీ అమ్మ
అందరికీ నమస్కారం. మే నెలాఖర్లో, ఇక్కడ బడులు తెరిచేలోపు, ఐర్లాండ్ వెళ్ళొద్దామనుకుంటున్నాం. మా ఆడపడుచు వాళ్ళు లిమరిక్‌లో ఉంటారు. పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి నాలుగు. మా అత్తగారూ వస్తున్నారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. పిల్లలు నాలుగు రోజులు పొలాల్లో, పచ్చికలో తిరగాలని నా కోరిక. టూర్ల ఆయనేమో డబ్లిన్‌లో హోటల్ తీసుకోండి, అక్కణ్ణించి మోహర్ కొండచరియలు, కిల్లార్నీ, జెయింట్స్ కాజ్‌వే రోజుకొకటి బస్సులో చూపిస్తాం అంటున్నారు. మా బాబుకి అరకు వెళ్తే శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కగానే వాంతులు మొదలు. మావారు వైజాగ్‌లో రోజూ కారు నడుపుతారు గానీ అక్కడి పల్లె రోడ్లు మరీ ఇరుకని విన్నాం. పిల్లలతో అక్కడ తిరిగినవాళ్ళు చెప్పరూ?

రుషికొండ వదిన
మావారి ఉద్యోగం వల్ల కొన్నేళ్ళు క్లేర్ కౌంటీలో, ఎన్నిస్‌లో ఉన్నామండీ. మా పిల్లలు నడక నేర్చింది అక్కడే. అందుకే గట్టిగా చెప్తున్నాను, డబ్లిన్ నుంచి రోజుకో బస్సు వద్దు. మోహర్‌కి పోనూ రానూ కలిపి రోజంతా పోతుంది. అందులో సగానికి పైగా సీటులోనే. నాలుగేళ్ళ పిల్లాణ్ణి అలా కట్టిపడేయకండి.

లిమరిక్‌లో మీవాళ్ళున్నారు కాబట్టి డబ్లిన్‌లో దిగి రైల్లోనో బస్సులోనో అక్కడికి వెళ్ళి, ఒక రాత్రి బాగా నిద్రపోయాక కారు తీసుకోండి. మనలాగే ఎడమవైపు నడపడమే. గేర్లు వద్దనుకుంటే ఆటోమేటిక్ ముందే బుక్ చేసుకోవాలి. 150 సెంటీమీటర్ల ఎత్తు గానీ 36 కిలోల బరువు గానీ రాని పిల్లలకి చైల్డ్ సీటో బూస్టరో (పిల్లల ఎత్తు పెంచే సీటు) ఉండాలని అక్కడి చట్టం. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకోవడాలు కుదరవు. పల్లె రోడ్లు ఇరుకే. రెండు వైపులా రాతిగోడలు, కంపలు, కొన్నిచోట్ల రోడ్డు మధ్యన గడ్డి. ఎదురుగా ట్రాక్టర్ వస్తే పొలం గేటు దగ్గర కాస్త వెడల్పున్న చోట ఆగాలి. వాళ్ళు స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపి పలకరించి వెళ్తారు, మీరూ లేపండి. 2025 నుంచి గ్రామీణ లోకల్ రోడ్ల మీద మామూలు వేగ పరిమితి గంటకి 60 కిలోమీటర్లు. ఆ మలుపుల్లో అంత కూడా అక్కర్లేదు.

ఇక ఉండడానికి క్లేర్‌లోనే బాలీవాన్ దగ్గరో డూలిన్ దగ్గరో వంటిల్లున్న ఇల్లు ఒకటి తీసుకుని అక్కడే ఉండిపోండి. దాని చుట్టూ బరెన్ ఉంది. కనుచూపుమేరా బూడిదరంగు సున్నపురాయి నేల. రాళ్ళ మధ్య నెర్రెలు, వాటిలో మేలో పూసే నీలిరంగు జెన్షన్ పూలు. మా పెద్దవాడు బోర్లా పడుకుని ఒక్కో నెర్రెలో ఏముందో చూసేవాడు. ఒకదాంట్లో ఫెర్న్, ఇంకోదాంట్లో నత్తగుల్ల, ఇంకోదాంట్లో వాననీళ్ళు. గంటసేపు కదిలేవాడు కాదు. కాలు ఇరుక్కుంటే మెలిక పడుతుంది, అందుకని చిన్నోడి చెయ్యి వదలకండి. అక్కడే పౌల్నబ్రోన్ అని ఐదువేల ఏళ్ళు దాటిన రాతి సమాధి ఉంది. ఎల్వీ గుహ కూడా దగ్గరే. మన బొర్రా గుహల్లాగే సున్నపురాయిలో నీళ్ళు తొలిచిన గుహ. అందులో ఎలుగుబంటి ఎముకలు దొరికాయి. ఇప్పుడు ఐర్లాండ్‌లో అడవి ఎలుగుబంట్లే లేవంటే మీ పాప తప్పకుండా ప్రశ్నలు వేస్తుంది.

మన తల్లులకి ముఖ్యమైన మాట: ఆ దేశంలో పాముల్లేవు. పిల్లలు గడ్డిలో పరిగెత్తుతుంటే గుండె గుబేల్మనక్కర్లేదు. నెటిల్ మొక్క మాత్రం తగిలితే మంట పుట్టిస్తుంది, ఎత్తు గడ్డిలో పిడుదులూ ఉంటాయి. సాయంత్రం స్నానానికి ముందు కాళ్ళు, మోకాళ్ళ వెనక చూడండి. గొర్రెపిల్లలున్న పొలంలోకి అడగకుండా వెళ్ళొద్దు. దారిలో గేటు మూసి ఉంటే దాటాక మళ్ళీ మూసెయ్యాలి.

మోహర్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోట 214 మీటర్లు. సందర్శకుల కేంద్రం దగ్గర రాతి పలకల అడ్డుగోడ ఉంది, అక్కడే ఉండండి. దూరం వెళ్ళే కాలిబాటలో కొన్నిచోట్ల అంచుకి అడ్డే లేదు, గాలి తోసేస్తుంది. బాబుతో అటు అడుగు పెట్టొద్దు. మేలో పఫిన్ పక్షులుంటాయి, ఎవరిదైనా బైనాక్యులర్ అడిగి పట్టుకెళ్ళండి. బస్సులన్నీ మధ్యాహ్నానికి చేరతాయి. తొమ్మిదిన్నరకి కూడా వెలుతురుంటుంది కాబట్టి సాయంత్రం వెళ్ళడమే హాయి.

గొడుగులు పట్టుకెళ్ళకండి, ఆ గాలికి నిలవవు. వానకోటు, పైన తొడుక్కునే వాన ప్యాంటు పిల్లలిద్దరికీ ఉంటే చాలు.

ఉక్కునగరం తాతయ్య
అమ్మా, జెయింట్స్ కాజ్‌వే ఉత్తర ఐర్లాండ్‌లో ఉంది. అది యునైటెడ్ కింగ్‌డమ్. ఐర్లాండ్ వీసా మీద BIVS అని (రెండు దేశాలకీ చెల్లే ఏర్పాటు) రాసి ఉంటే తప్ప దాంతో అటు వెళ్ళకూడదు. దారిలో చెక్‌పోస్టు కనపడదు గానీ నియమం నియమమే. టూర్ల ఆయన్ని ఈ సంగతి సూటిగా అడుగు. ఐర్లాండ్ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి) కూడా లేదు, దాని వీసా దానిదే.

మీ అత్తగారికి కిల్లార్నీ చూపించు. లిమరిక్ నుంచి కారులో రెండు గంటల్లోపే. ఆ నేషనల్ పార్కులో గుర్రబ్బండ్లుంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళూ ఎక్కి కూర్చోవచ్చు. పక్కనే మక్‌రాస్‌లో 1930ల నాటి పల్లె ఇళ్ళు, పశువులతో సహా. పీట్ (చిత్తడి నేలలోంచి తవ్వి ఎండబెట్టి వంటచెరకుగా వాడే మట్టి) మంట మీద రొట్టె కాల్చడం చూసి మా ఆవిడ అక్కణ్ణించి కదల్లేదు.

ఎంవీపీ అమ్మ
వీసా మాట చెప్పి పెద్ద మేలు చేశారు బాబాయ్ గారూ. కాజ్‌వే తీసేశాం. వదినా, తిండి సంగతీ, బాబు వాంతుల సంగతీ చెప్పండి.

రుషికొండ వదిన
బాలీవాన్‌కి లిస్‌డూన్‌వార్నా మీదుగా వెళ్తే కార్క్‌స్క్రూ హిల్ వస్తుంది, ఘాట్ రోడ్డులా మెలికలే. డూలిన్ నుంచి సముద్రం ఒడ్డు రోడ్డు పట్టండి. దూరం ఎక్కువైనా కొండ ఎక్కడం లేదు. మధ్యలో ఫనోర్ దగ్గర ఇసుక బీచ్ ఉంది, బాబుని దింపి కాసేపు ఆడించండి.

లాడ్జింగుల్లో ఉదయం పెట్టే ఐరిష్ టిఫిన్‌లో సాసేజీ, పంది మాంసం ఉంటాయి. బ్లాక్ పుడింగ్‌లో రక్తం కలుస్తుంది. కూరగాయల సూప్ అన్నా, మాంసం నీళ్ళతో చేశారేమో అడగాలి. అందుకే వంటిల్లున్న ఇల్లు చూసుకోమన్నాను. బియ్యం, పప్పు లిమరిక్‌లో కొనుక్కెళ్ళండి. ఇక్కణ్ణించి నెయ్యి, పాలకోవా పెట్టెలో పెట్టకండి, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తేనివ్వరు. మామిడిపళ్ళు, పచ్చి కరివేపాకు కూడా అంతే. ఆవకాయ పర్వాలేదు, సీసా గట్టిగా మూయండి. నెయ్యికి బెంగక్కర్లేదు. అక్కడి ఆవులు పచ్చిక మేస్తాయి, వెన్న పసుపుపచ్చగా ఉంటుంది. అది కాచి అత్తగారికి వేడన్నంలో వెయ్యండి.

ఎంవీపీ అమ్మ
మామిడిపళ్ళు తేవద్దంటే అత్తగారు ఇప్పుడే నా దగ్గర రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నారు. బాలీవాన్ దగ్గర ఇల్లు వెతుకుతున్నాం. చైల్డ్ సీట్లు మా ఆడపడుచు వాళ్ళ దగ్గర ఒకటుందట, బూస్టర్ కారుతోపాటు అడుగుతాం.