ఇంటి వెనక నాలుగు కోళ్ళు: స్విండన్‌కి కొత్తగా వచ్చిన నరసన్నపేట తమ్ముడికి

ప్రశ్న (నరసన్నపేట, ఇప్పుడు స్విండన్):

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ వచ్చి ఎంతో కాలం కాలేదు. అద్దె ఇల్లే గానీ వెనక పెరడు బాగానే ఉంది. ఊళ్ళో మా ఇంట్లో కోళ్ళు లేని రోజు లేదు, పిల్లలు కూడా ఇక్కడ పెంచుదామని ఒకటే గొడవ. నాలుగు పెట్టలు, ఒక పుంజు తెచ్చుకుందామని ఉంది. ఇళ్ళ మధ్య కోళ్ళు పెంచితే పక్కింటివాళ్ళు కేసు పెడతారని ఆఫీసులో ఒకాయన భయపెట్టాడు. కౌన్సిల్ పర్మిషన్ కావాలా? ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయనకి చెప్పాలా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

జవాబు (గజపతినగరం, ఇప్పుడు రెడింగ్):

తమ్ముడూ, పెట్టల విషయంలో నీకేం భయం లేదు. పుంజు సంగతి మాత్రం మర్చిపో.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1950 నాటి అలాట్‌మెంట్స్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అందులో 12వ సెక్షన్ చదువు. అద్దె ఒప్పందంలో గానీ ఇంటి దస్తావేజుల్లో గానీ కోళ్ళు పెంచరాదని రాసి ఉన్నా సరే, వ్యాపారానికి కాకుండా ఇంటి మటుకు పెట్టకోళ్ళనీ కుందేళ్ళనీ ఉంచుకోవచ్చు, వాటికి కావలసిన గూడు వేసుకోవచ్చు అని ఉంటుంది. యుద్ధం ముగిసినా తిండికి ఇంకా రేషన్ నడుస్తున్న రోజుల్లో చేసిన చట్టం అది. అయితే అందులో ఉన్నది పెట్టలే, పుంజులు కావు. పైగా ఆరోగ్యానికి హాని, ఇరుగుపొరుగుకి ఇబ్బంది కాని విధంగా ఉంచాలని షరతు కూడా ఉంది.

అంతమాత్రాన ఆ సెక్షన్ పట్టుకుని ఇంటాయన మీదికి వెళ్ళకు. కొత్త దేశం, అద్దె ఇల్లు, రేపు ఇంకో ఇంటికి మారాలంటే ఆయన మంచి మాటే కావాలి. చట్టం మన వైపు ఉందని ఇంటాయనతో పోట్లాడటం కొరివితో తల గోక్కోవడమే. ముందే ఒక మెయిల్ పెట్టు: నాలుగు పెట్టలు, కదిపి పక్కన పెట్టగలిగే గూడు, వెళ్ళేటప్పుడు గడ్డి మళ్ళీ వేసి ఇస్తాం అని. చాలామంది ఒప్పుకుంటారు.

కౌన్సిల్ పర్మిషన్ మామూలుగా అక్కర్లేదు. ఇంటి అవసరానికి వేసుకునే కోళ్ళ గూడుకి ప్లానింగ్ అడగరు. కాకపోతే గూడు ప్రహరీకి రెండు మీటర్లలోపు ఉంటే ఎత్తు రెండున్నర మీటర్లు దాటకూడదు. మన గూళ్ళు అంత ఎత్తు ఎక్కడ ఉంటాయిలే. ఫ్లాట్లకీ, చారిత్రక భవనాల జాబితాలో ఉన్న ఇళ్ళకీ ఈ వెసులుబాటు లేదు.

ఇక పుంజు. మన ఊళ్ళో తెల్లవారుజామున ఒక పుంజు కూస్తే పది పుంజులు బదులిస్తాయి, ఎవరికీ పట్టదు. ఇక్కడ జూన్‌లో నాలుగు గంటలకే వెలుగు వచ్చేస్తుంది. పక్కింటి బెడ్‌రూమ్ కిటికీ నీ గూడుకి పది అడుగుల దూరంలో ఉంటుంది, ఎండాకాలం కాబట్టి తెరిచే ఉంటుంది. వాళ్ళు కౌన్సిల్ పర్యావరణ ఆరోగ్య విభాగానికి ఫిర్యాదు చేస్తే, ఆ విభాగంవాళ్ళు ముందు లాగ్ షీట్ ఇచ్చి ఏ రోజు ఎన్నింటికి కూసిందో రాయమంటారు. అవసరమైతే రికార్డింగ్ యంత్రం పెడతారు. ఇబ్బంది నిజమేనని తేలితే 1990 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద నోటీసు వస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే కోర్టు, జరిమానా. మీ ఆఫీసాయన విన్న కేసు ఇలాంటి పుంజు కేసే అయ్యుంటుంది. పెట్ట కూడా గుడ్డు పెట్టాక కాసేపు ఊరంతా చాటింపు వేస్తుంది గానీ, అది పగటి పూట కాబట్టి ఎవరూ పెద్దగా అనరు. గుడ్లకి పుంజు అక్కర్లేదని నీకు నేను చెప్పక్కర్లేదు.

పెట్టలు వచ్చాక చేయాల్సిన మొదటి పని రిజిస్ట్రేషన్. పాత సలహాలు చూసి యాభై కోళ్ళు దాటితేనే అని చాలామంది ఇంకా అనుకుంటున్నారు. 2024 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో ఒక్క కోడి ఉన్నా ప్రభుత్వ పశు ఆరోగ్య సంస్థ ఆఫా (APHA)లో నమోదు చేసుకోవాలి. కోళ్ళు ఇంటికొచ్చిన నెలలోపు. స్కాట్లాండ్‌లో వాళ్ళ రిజిస్టర్ వేరే, అక్కడ 2024 సెప్టెంబర్ 1 నుంచే మొదలైంది. డబ్బులు కట్టక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ఫారం నింపితే చాలు. ఏటా ఒకసారి వివరాలు సరిచూసి చెప్పాలి. బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మన వీధి దాకా ఎన్ని కోళ్ళున్నాయో వాళ్ళకి తెలియాలని ఇది పెట్టారు.

ఆ బర్డ్ ఫ్లూ ఊరికే అనుకోకు. 2022 నవంబర్ 7 నుంచి మరుసటి ఏడు ఏప్రిల్ 18 దాకా ఇంగ్లండ్ అంతటా కోళ్ళని బయటికి వదలకూడదని ఆర్డర్ ఉండింది, పెరట్లో రెండు కోళ్ళున్నవాళ్ళకి కూడా. అందుకని గూడు కొనేటప్పుడే పైన కప్పు, చుట్టూ సన్నటి వల ఉన్న పెద్ద దొడ్డి కూడా చూసుకో. అడవి పక్షుల రెట్ట లోపల పడకూడదు, కోళ్ళ మేత, నీళ్ళు ఆ పక్షులకి అందకూడదు. కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోతే, కొక్కెర తెగులు లక్షణాలు కనబడినా సరే, ఊళ్ళోలాగా పారేసి ఊరుకోకూడదు, ఆఫాకి చెప్పి తీరాలి.

అన్నిటికంటే మనవాళ్ళు తడబడేది మేత దగ్గర. వంటింట్లోంచి ఏదీ కోళ్ళకి వేయకూడదు. అన్నం మెతుకులు, చపాతీ ముక్కలు, కూర తొక్కలు, ఆఖరికి టమాటా చెక్కయినా సరే, వంటింటి గడప దాటి వచ్చిందంటే అది చట్టవిరుద్ధం. 2001లో ఇక్కడ గాలికుంటు జబ్బు వచ్చి లక్షల పశువుల్ని చంపాల్సి వచ్చింది. నార్తంబర్లాండ్‌లో ఒక పందుల దొడ్డిలో వేసిన మిగులు తిండి దగ్గర మొదలైందని తేల్చారు. అప్పట్నుంచి ఈ విషయంలో చాలా గట్టిగా ఉన్నారు. ‘మేం శాకాహారులమే కదా’ అన్నా సరిపోదు. ఇంట్లో పాలు, పెరుగు, నెయ్యి వాడుతుంటే చాలు, కుదరదు. పూర్తిగా వీగన్ ఇల్లయితేనే మినహాయింపు. పెట్ షాపుల్లో దొరికే ఎండు పురుగుల ప్యాకెట్లు కూడా కోళ్ళకి వేయకూడదు, అవి అడవి పక్షుల కోసం అమ్మేవి.

మా అత్తగారు చీపురుపల్లి నుంచి వచ్చిన వారంలోనే కంచంలో మిగిలిన పులిహోర పట్టుకుని పెరటి తలుపు తీశారు. ‘అత్తయ్యా, వద్దు’ అంటే, ‘ఏటే, కోడికి మెతుకు వెయ్యకూడదా, ఇదెక్కడి దేశమే’ అని కోపం. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. తర్వాత నూకల బస్తా ఒకటి ఇండియన్ షాపు నుంచి తిన్నగా షెడ్డులోకే తెప్పించి, మూత ఉన్న డబ్బాలో పోసి, ఒక గ్లాసు అక్కడే పెట్టాను. పొద్దున్నే ఆవిడే వెళ్ళి చల్లేవారు. మొక్క నుంచి కోసి తిన్నగా వేసే పాలకూరకీ అభ్యంతరం లేదు. రోజువారీ మేతగా మాత్రం గుడ్ల కోళ్ళ కోసం అమ్మే గుళికల మేత, లేయర్స్ పెల్లెట్లే వెయ్యి, నూకలు చిరుతిండిలా చాలు.

జవాబు (పలాస, ఇప్పుడు లెస్టర్):

అక్క చెప్పినవన్నీ నిజం. నక్క సంగతి నేను చెబుతాను. మన దగ్గర గద్దకీ ముంగిసకీ భయపడతాం, ఇక్కడ నక్కలు టౌన్ మధ్యలో చెత్త బిన్నుల పక్కనే తిరుగుతాయి. పట్టపగలే వస్తాయి. షాపులో దొరికే పలచటి కోళ్ళ వల దానికి లెక్క కాదు, పళ్ళతో చింపేస్తుంది. 13 మిల్లీమీటర్ల కన్నాలున్న వెల్డ్‌మెష్, అంటే వెల్డింగ్ చేసిన గట్టి ఇనుప వల తీసుకో, పెద్ద ఎలకలు కూడా దూరవు. దాన్ని నేల మీద బయటివైపు ఒక రెండడుగులు పరిచి రాళ్ళు పెట్టు, తవ్వుకుని రాలేదు. చీకటి పడేసరికి గూడు తలుపు పడాల్సిందే. చలికాలంలో నువ్వు ఆఫీసు నుంచి వచ్చేలోపే చీకటి పడుతుంది కాబట్టి దానంతట అదే మూసుకునే తలుపు మీద డబ్బు పెట్టు.

కోళ్ళ కోసం ఊరి నుంచి పొదిగించే గుడ్లు సూట్‌కేసులో తెచ్చే ఆలోచన ఉంటే మానుకో. బ్రిటిష్ హెన్ వెల్ఫేర్ ట్రస్ట్‌లాంటి సంస్థలు ఫారాల్లో పని అయిపోయిన పెట్టల్ని ఇళ్ళకి ఇస్తాయి. ఈకలు ఊడిపోయి బక్కగా ఉంటాయి గానీ కొన్నాళ్ళకి కోలుకుని గుడ్లు పెడతాయి. పిల్లలకి అలాంటివే మాలిమి అవుతాయి.

ప్రశ్న (నరసన్నపేట, స్విండన్):

అక్కా, అన్నా, చాలా థాంక్స్. పుంజు ఆలోచన మానేశాను. ఇంకొక్కటి. కనుమకి ఇంట్లోనే కోసుకోవచ్చా? సంక్రాంతికి ఊరెళ్తే వీటిని ఎవరు చూస్తారు?

జవాబు (గజపతినగరం, రెడింగ్):

కనుమకి చికెన్ షాపులో కొనుక్కో తమ్ముడూ. సొంత తిండికి సొంత కోడిని ఇంట్లో చంపడం నేరం కాదు. కానీ అనవసరమైన బాధ కలగకూడదని నిబంధన ఉంది. స్పృహ తప్పించకుండా గొంతు కోయడం లైసెన్సున్న కబేళాలోనే, అదీ మతాచారం కిందే. పెరట్లో కత్తి పట్టుకుని నిలబడితే కంచె మీంచి చూసినవాళ్ళు ఏం చేస్తారో నీకే తెలుసు. పందేల గురించి నువ్వు అడగలేదు గానీ, ఏటా ఎవరో ఒకరు సరదాగా మొదలుపెడతారు కాబట్టి చెబుతున్నా: కోడిపందెం ఇక్కడ 1835లోనే నిషేధించారు. ఇప్పుడు 2006 జంతు సంక్షేమ చట్టం కింద ఆడించినా, పందెం కాసినా, చూడ్డానికి వెళ్ళినా నేరమే.

ఊరెళ్ళేటప్పుడు పక్కింటివాళ్ళనే అడుగు. ఇప్పట్నుంచే వారానికి ఆరు గుడ్లు ఇస్తూ ఉండు, వాళ్ళ పిల్లల్ని పిలిచి మేత చల్లనివ్వు. జనవరికల్లా తాళం చెవి వాళ్ళే అడిగి తీసుకుంటారు. తిరిగొచ్చాక ఊళ్ళో కోళ్ళ దొడ్లో తొక్కిన చెప్పులతో మాత్రం గూడు దగ్గరికి వెళ్ళకు, ముందు శుభ్రంగా కడుగు. ఇంటాయన ఏమన్నాడో ఇక్కడ రాయి.