పైథాన్‌ల కొన్ని ఆబ్జెక్ట్‌లకి యాట్రిబ్యూట్ లేకపోతే డీఫాల్ట్ వాల్యూ ఎట్ల ఇయ్యాలె?

ప్రశ్న:
అన్నలూ అక్కలూ ఒక డౌట్. అమీర్‌పేట్‌ల పైథాన్ నేర్చుకుంటున్న, ప్రాక్టీస్‌కని మన హైదరాబాద్ మెట్రో రెడ్ లైన్ తోటి చిన్న ప్రోగ్రాం రాస్తున్న. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 27 స్టేషన్లు, ఒక్కోటి ఒక ఆబ్జెక్ట్. పేరు అన్నిటికీ ఉంది కానీ మారే_లైన్ అనే యాట్రిబ్యూట్ (ఆబ్జెక్ట్ మీద పేరుతోటి పెట్టే వాల్యూ) ట్రెయిన్ మారే స్టేషన్లకే పెట్టిన, అమీర్‌పేట్‌కి బ్లూ, ఎంజీబీఎస్‌కి గ్రీన్, అంతే. లూప్ తిప్పి ప్రింట్ చేస్తే మియాపూర్ కాడనే యాట్రిబ్యూట్ ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. ప్రతిసారి ఎర్రర్ పట్టుకునే ట్రై ఎక్సెప్ట్ రాయాల్నా? లేనిదానికి "మారేది లేదు" అని వస్తే చాలు.

జవాబు:
తమ్ముడూ, దీనికి గెట్‌యాటర్ అని బిల్ట్ ఇన్ ఫంక్షనే ఉంది. ఇట్లా రాయి:
గెట్‌యాటర్(స్టేషన్, 'మారే_లైన్', 'మారేది లేదు')
పేరు కోట్స్‌లో ఉండాలి. మూడోది ఇవ్వకపోతే మళ్ళీ అదే ఎర్రర్ వస్తుంది. డీఫాల్ట్ ఈక్వల్‌టు అని పేరు పెట్టి ఇవ్వకు, తీసుకోదు, వరసలో మూడోదిగానే ఇవ్వాలి. డిక్షనరీ అయితే ఇది కాదు, దానికి చుక్క పెట్టి గెట్ వాడాలి, చాలామంది ఈ రెండూ కలిపేస్తుంటారు.

మళ్ళీ ప్రశ్న:
సూపర్ అక్కా, పని చేసింది. కానీ ఎంజీబీఎస్‌కి నన్ (ఏం లేదు అనే వాల్యూ) అని వస్తుంది, "మారేది లేదు" కూడా రాలే. దానికి గ్రీన్ తీసేసి, తర్వాత నింపుదామని నన్ పెట్టి ఉంచిన.

జవాబు:
అదే కారణం. యాట్రిబ్యూట్ ఉంది, అందులో ఉన్న వాల్యూ నన్, కాబట్టి గెట్‌యాటర్ ఉన్నదే ఇస్తుంది. అసలు లేకపోతేనే డీఫాల్ట్ వస్తుంది. వెనక ఆర్ తగిలించి 'మారేది లేదు' రాయమంటారు కొందరు, ఇక్కడ నడుస్తుంది గానీ అలవాటు చేసుకోకు, రేపు పార్కింగ్ ఖాళీలు అని నంబర్ పెట్టావనుకో, నిజంగానే 0 ఉంటే ఆ సున్నాని కూడా తీసేసి "తెలియదు" అని చూపిస్తుంది, ఖాళీ స్ట్రింగ్‌కీ అంతే. వాల్యూ తీసుకుని ఇజ్ నన్ అని చెక్ చేసుకో.

ఇంకొకరి జవాబు:
పైన చెప్పింది కరెక్టే, కానీ నీ కేసులో గెట్‌యాటర్ వద్దనే అంటాను. క్లాస్ నువ్వే రాశావు కదా, ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే ఇనిట్‌లో మారే_లైన్‌కి డీఫాల్ట్ నన్ అని పెట్టేయ్, అప్పుడు 27 స్టేషన్లకీ ఉంటుంది, మామూలుగా చుక్క పెట్టి వాడుకో, ప్రింట్ దగ్గర నన్ ఉందా అని చూస్తే అయిపోతుంది. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, కోట్స్‌లో దీర్ఘం మర్చిపోయి 'మరే_లైన్' అని టైప్ చేశావనుకో, గెట్‌యాటర్ నోరు మెదపదు, అమీర్‌పేట్‌తో సహా అన్నిటికీ "మారేది లేదు" అనేస్తుంది, ఎర్రరే రాదు, గంటలు గంటలు వెతకాలి. ప్రాపర్టీలతో (చుక్క పెట్టి అడిగితే లోపల కోడ్ నడిచేవి) ఇంకా డేంజర్. ప్రాపర్టీ లోపల వేరే యాట్రిబ్యూట్ ఏదో దొరక్క యాట్రిబ్యూట్ ఎర్రర్ వచ్చినా, గెట్‌యాటర్ దాన్ని కూడా మింగేసి డీఫాల్ట్ ఇచ్చేస్తుంది, అసలు బగ్ కనపడనే కనపడదు. వేరేవాళ్ళ లైబ్రరీ నుంచి వచ్చే ఆబ్జెక్ట్, ఒక వెర్షన్‌లో యాట్రిబ్యూట్ ఉండి ఇంకోదాంట్లో లేకపోతే, అక్కడ వాడు, దానికే అది.

మళ్ళీ ప్రశ్న:
ఇనిట్‌ల పెట్టేసిన అన్నా, మంచిగ నడుస్తుంది. లాస్ట్ డౌట్, బస్టాపులు అనే లిస్ట్ కొన్నిటికే ఉంది, గెట్‌యాటర్‌కి మూడోదిగా ఖాళీ లిస్ట్ ఇచ్చి దానికి అపెండ్ చేస్తే తర్వాత స్టేషన్ల కనిపిస్తలేదు?

జవాబు:
కనపడదు తమ్ముడూ. ఆ ఖాళీ లిస్ట్ నీ చేతికి వచ్చింది అంతే, స్టేషన్‌కి ఎవరూ తగిలించలేదు. ఇది కూడా ఇనిట్‌లోనే సెల్ఫ్ (అంటే ఆ స్టేషనే) మీద ఖాళీ లిస్ట్‌గా పెట్టు. ఇనిట్ బ్రాకెట్లలో డీఫాల్ట్‌గా మాత్రం ఖాళీ లిస్ట్ రాయకు, అన్ని స్టేషన్లూ ఒకే లిస్ట్ పంచుకుంటాయి, మియాపూర్ బస్టాపులు ఎల్బీనగర్‌లో కనపడతాయి.